సింబలిస్ట్, నాలుగేళ్ళ అనుభవం

మా హాల్లో గోడమీద నోరులేని నేనొకణ్ణి వేలాడుతుంటాను. బొగ్గుతో గీసిన బొమ్మ. కళ్ళున్నాయి, ముక్కుంది, అప్పట్లో నాకున్న జుట్టును బొమ్మ వేసినాయన ఉన్నదానికన్నా ఉదారంగానే గీశారు. ముక్కు కింద మీసం, మీసం కింద ఖాళీ స్థలం, ఆ కింద గడ్డం. ఇంటికొచ్చినవాళ్ళు మర్యాదకు ముందు ఫ్రేము బావుందంటారు, ఆ తర్వాత నోరేదని అడుగుతారు. "పెళ్ళయ్యాక గీయించుకున్నానండీ" అంటాను. ఈ జోకుకు మా ఆవిడ నవ్వడం మానేసి చాలా ఏళ్ళయింది. నిజానికి ఆ బొమ్మ పెళ్ళికి ముందుది. ఆ లోపం నా స్వార్జితం.

మొన్న బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి ట్రైన్లో ఇంటికి వస్తుంటే హైదరాబాదు నంబరు నుంచి మెసేజి వచ్చింది. "అంకుల్, అబ్బా పోయిన శుక్రవారం వెళ్ళిపోయారు. ఆయన డైరీలో మీ నంబరుంది. చెప్పాలనిపించింది." కింద ఒక ఫోటో. ఫోటోలో వాళ్ళ నాన్న, అంటే నా బొమ్మ గీసినాయన, లేరు, వాళ్ళింటి ఫ్రిజ్ ఉంది. దాని తలుపు నిండా నారింజరంగు పువ్వు, పువ్వు నడుమ కళ్ళు మూసుకున్న ఒక మొహం. "ఇంట్లో రంగు పడనిదంటూ మిగల్లేదు. వాషింగ్ మెషీన్ మీద కూడా ఉంది, తర్వాత పంపిస్తా" అని రాసింది ఆయన కూతురు.

నన్నెవరైనా అంకుల్ అంటే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను, ఆయన వస్తున్నారేమోనని. మాకు ఆయనే అంకుల్. ఈ సింగపూర్లో మనకన్నా పదేళ్ళు పెద్దయితే చాలు, టాక్సీ నడిపేవాడూ అంకులే, చేపలమ్మేవాడూ అంకులే. అందువల్ల ఆయన్ని పేరుతో పిలవాల్సిన అవసరం మాకు రాలేదు. ఇప్పుడు రాయడానికీ మనసు రాదు.

మెసేజి చదువుతూ మా స్టేషన్ బిషాన్‌లో దిగడం మరిచిపోయాను. పొరపాటని మా ఆవిడతో చెప్పాను. తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం రెండూ చూశానని మీతో చెబుతున్నాను.

కంప్యూటర్లకు సంవత్సరాన్ని రెండంకెల్లో రాయడం నేర్పిన పాపానికి, రెండువేల సంవత్సరం రాగానే అవన్నీ పందొమ్మిదివందలు అనుకుని పిచ్చెక్కిపోతాయని, దానికి వై టూ కే అని పేరు పెట్టి మరీ ప్రపంచమంతా బెంగపెట్టుకున్న రోజులవి. ఆ రెండంకెల్ని నాలుగంకెలు చెయ్యడానికి మనవాళ్ళని విమానాల్లో నింపి దించారు. అలా దిగిన ముగ్గురం టాంపినీస్‌లో ఒక ఫ్లాటు పంచుకున్నాం. నేను గుంటూరు నుంచి, అమీర్‌పేటలో మూడు నెలల కోబాల్ కోర్సు చేసి, దానికి నాలుగేళ్ళ అనుభవం కలుపుకుని వచ్చాను. నెల్లూరు నుంచి వచ్చిన రూమ్మేటు శాకాహారి, వంటింటి సరుకుల జాబితా ఫ్రిజ్‌కి అంటించి దాన్ని రాజ్యాంగంలా కాపాడేవాడు. మూడోవారు అంకుల్. హైదరాబాదు పాతబస్తీ. బట్టతల, తెల్లలాల్చీ. కోబాల్‌లో ఇరవై రెండేళ్ళ అనుభవం, అదీ నిజంగా. మౌస్ మాత్రం ముట్టేవారు కాదు. "ఇరవై రెండేండ్లు ఎలుక లేకుండ పని చేసిన. ఇప్పుడు దాన్ని పట్టుకుని తిరగాల్నా?" అనేవారు.

మా బ్లాకు కింద లిఫ్టు పక్కన జనం తమకు అక్కర్లేని సామాను వదిలేసి పోతుంటారు. ఒకరోజు అక్కడ, విరిగిన ఫ్యానుకూ చంటిపిల్లల కుర్చీకీ మధ్య, అంకుల్‌కి ఒక పుస్తకం దొరికింది. ఇటుక బరువు. నిండా బొమ్మలు. ఎప్పుడో పోయిన ఒక ఫ్రెంచి చిత్రకారుడి మీద, ఫ్రెంచి భాషలో. మేమిద్దరం రాక ముందు ఆయన ఒక్కరే ఆ బ్లాకులో వేరే ఫ్లాటులో ఉండేవారు, అప్పటి సంగతి. ఫ్రెంచి ఆయనకు ఒక్క ముక్క రాదు. "మంచిదే అయింది బాబా. చదువొస్తే వాళ్ళు రాసింది నమ్మాల్సి వచ్చేది" అన్నారు.

అందుకని ఆ చిత్రకారుడి జీవితాన్ని ఆయన బొమ్మల నుంచి తవ్వి తీశారు. ఒక పేజీలో మెట్లుంటాయి. పక్క పేజీలో ఆ మెట్ల చివర ఒక చెవి ఉంటుంది. ఆ మధ్యలో ఏం జరిగిందో అంకుల్ చెబుతారు. ఒక ఫోటోలో ఆ పెద్దమనిషి చేతిలో వయొలిన్ ఉంది. కాబట్టి ఆయన కొన్నాళ్ళు పెళ్ళిళ్ళకు బ్యాండు వాయించాడు. ఇంకో పేజీలో కుర్చీల మీద పువ్వులు, మడత తెరల మీద పువ్వులు. కాబట్టి ఫర్నిచరు దుకాణంవాళ్ళతో దోస్తీ ఉంది. బొగ్గు, సిరా, రాతి అచ్చులు, రంగు సుద్దలు, నూనె రంగులు, చెయ్యి పెట్టని పని లేదు. ఫోటోలో గడ్డం చూసి మా రూమ్మేటు "బియ్యం కొట్టు ఓనర్‌లా ఉన్నాడు" అంటే అంకుల్ నొచ్చుకోలేదు. "అది గూడ చేసిండేమో. ఫ్రెంచి సాబ్‌కు అన్నీ వచ్చు" అన్నారు.

అన్నిటికన్నా ఆయనకు నచ్చింది ఒకటుంది. పుస్తకంలో సగం దాకా ఒక్క రంగు లేదు. అన్నీ నల్లబొమ్మలే. సగం దాటాక ఒక్కసారిగా రంగులు విరగబడతాయి. సంవత్సరాలు అంకెల్లోనే ఉంటాయి కాబట్టి వయసు లెక్కేశారు.

"యాభై ఏండ్లు వచ్చేదాంక సాబ్ రంగు ముట్టలేదు బాబా. లోకమంతా రంగులేసుకుంటుంటే ఈయన బొగ్గుల దుకాణం పెట్టుకుని కూసున్నడు. యాభై పడ్డంక ఒక్కపారి గేటెత్తిండు. పువ్వులు, పువ్వులు, పువ్వులు."

"అంతవరకూ ఎందుకు ఆగాడు అంకుల్?"

"మాలూమ్ నై."

ఈ 'మాలూమ్ నై' ఆయన ప్రత్యేకత. నాకు తెలియదు అన్న మాటని మిఠాయి తిన్నట్టు అనేవారు. ఆ రోజుల్లో మా వృత్తిలో ఎవరి నోటా రాని మాట అది. వారానికొక కొత్త కంప్యూటరు భాష పుట్టేది. పుట్టిన మర్నాడే అందరికీ అందులో రెండేళ్ళ అనుభవం ఉండేది. అంకుల్ ఒక్కరే కాన్ఫరెన్సు హాల్లో పదిమంది ముందు చెయ్యెత్తి "ఐ డోంట్ నో సర్, ప్లీజ్ టెల్" అనేవారట. బొమ్మల సంగతీ అంతే. ఆ చెవికి అర్థమేమిటంటే, మాలూమ్ నై. మరెందుకు గంటలకొద్దీ చూస్తున్నారంటే, "మాలూమ్ నై గాబట్టే."

ఆయనకు నలభై తొమ్మిది. కాబట్టి యాభై దాకా బొగ్గే. "నేను గూడ రెండంకెల మనిషినే. యాభై పడ్డనాడు నా వై టూ కే" అనేవారు. పగలంతా నల్లటి తెరమీద ఆకుపచ్చ అక్షరాలు దిద్ది, సాయంత్రం తెల్లటి కాగితం మీద నల్లగీతలు గీసేవారు. కాగితం అంటే ఆఫీసులో పారేసే ప్రింటవుట్లు, రెండంచులా చిల్లులుండేవి. వాటి వెనక ఖాళీవైపు గీసేవారు. బొగ్గు హాకర్ సెంటర్లో సటే కాల్చే మలయ్ ఆయన ఇచ్చేవాడు. మాంసం పుల్లలు కాలాక కుంపటిలో మిగిలిన మెత్తటి ముక్కలు ఏరి పాలడబ్బాలో పోసి ఉంచేవాడు. దాంతో అంకుల్ బొమ్మలన్నిటికీ కాల్చిన కోడిమాంసం వాసన. మా నెల్లూరు శాకాహారి వాటి పక్కన కూర్చుని పెరుగన్నం తినలేకపోయేవాడు. "మీ కళ ముక్కుకు తగులుతోంది అంకుల్" అనేవాడు.

బొగ్గు రాలిపోకుండా ఉండాలంటే మీద ఏదో చల్లాలట. చవకలో హెయిర్ స్ప్రే పనికొస్తుందని ఆయన కనిపెట్టారు. బ్లాకు కింద కొట్లో చైనీస్ ఆంటీ ఆయన బట్టతలనీ, చేతిలో మూడు హెయిర్ స్ప్రే డబ్బాలనీ మార్చి మార్చి చూసి, "అంకుల్, యు నో హెయిర్, బై ఫర్ వాట్?" అంది.

"ఫర్ మై గర్ల్‌ఫ్రెండ్స్ ఆన్ ద వాల్."

ఆ గర్ల్‌ఫ్రెండ్స్ ఎలా ఉండేవారంటే, ఒక బొమ్మలో మా ఎదుటి బ్లాకు. కిటికీల్లోంచి బయటికి చాచిన వెదురు గడలు. గడలకు చొక్కాలకు బదులు కళ్ళు ఆరేసి ఉన్నాయి, క్లిప్పులు పెట్టి మరీ. ఆ బొమ్మ చూశాక నేను మూడు రోజులు బట్టలు ఆరెయ్యలేదు. ఆయన కుడి బొటనవేలు ఎప్పుడూ నల్లగా ఉండేది. ఆ వేలితోనే బొగ్గు పూసేవారు, ఆ వేలితోనే లైటు వేసేవారు. మా ఫ్లాటులో ప్రతి స్విచ్చు మీదా ఒక నల్లటి వేలిముద్ర. ఖాళీ చేసేటప్పుడు ఇంటి ఓనరు ఇక్కడ పోలీసులేమైనా వచ్చారా అని అడిగాడు.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏమీ పేలలేదు. ఏమీ పేలకపోవడం వల్ల నష్టపోయింది మేమే. ఒక్కొక్క కాంట్రాక్టే ముగిసింది. పని లేనివాణ్ణి బెంచి మీద ఉన్నాడంటారు మా భాషలో. అంకుల్ అక్షరాలా ఉన్నారు. బ్లాకు కింద రాతిబెంచి మీద కూర్చుని గీసుకునేవారు. మార్చి ఆఖరికి ఆయన వర్క్ పాస్ గడువు అయిపోతుంది. ఆలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఊరు వదలాలి.

ఆయన బెంగ ఉద్యోగం గురించి కాదు. జూన్‌లో ఇక్కడి మ్యూజియానికి ఫ్రెంచి బొమ్మలు వస్తున్నాయని పేపర్లో పడింది. అందులో రెండు ఫ్రెంచి సాబ్‌వి, ఒకటి నల్లది, ఒకటి రంగుది. అసలువి. అంకుల్ ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద సరుకుల జాబితా పక్కన అంటించారు.

"నౌకరీ పోతే ఇంకోటొస్తది బాబా. సాబ్ మళ్ళా సింగపూర్ రాడు. నాలుగేండ్ల సంది బుక్కులనే చూస్తున్న. ఒక్కపారి ఎదురుంగ నిలబడాలె."

"అప్పుడు టూరిస్టుగా రండి."

"బొమ్మ చూడనీకి టికెట్టు కొంట అంటే మా బేగం నన్నే బొమ్మను చేసి హాల్ల నిలబెడ్తది."

సరిగ్గా అప్పుడు నేను పనిచేసే బ్యాంకులో కోబాల్ తెలిసిన పెద్దమనిషి ఒకరు కావాలన్నారు. మా ఏజెంటు ఫోన్ చేసి సాయంత్రంలోగా అంకుల్ రెస్యూమె పంపమన్నాడు. అంకుల్ మౌస్ పట్టరు కాబట్టి టైపింగ్ నాది. నా రెస్యూమె ఫైలే తెరిచి, నా పేరు చెరిపి ఆయన పేరు పెట్టి, హాల్లోంచి కేకలు వేశాను. ఆయన వంటింట్లో పప్పు పెట్టారు.

"కోబాల్ ఎన్నేళ్ళు?"

"ఇరవై రెండు."

"జేసీఎల్?"

"గంతే."

"ఇంకేమైనా ఉందా అంకుల్? ఏజెంటు ఖాళీ గడి ఉంచొద్దన్నాడు."

"సింబలిస్ట్..." అన్నారు. తర్వాతి మాటల్ని కుక్కరు విజిల్ మింగేసింది.

"ఎన్నేళ్ళు?"

"నాలుగు."

టైపు చేశాను. కోబాల్, ఇరవై రెండేళ్ళు. జేసీఎల్, ఇరవై రెండేళ్ళు. సింబలిస్ట్, నాలుగేళ్ళు. మింగిన ముక్క ఏమిటో తర్వాత తెలిసింది. "సింబలిస్టుల బొమ్మలు చూస్త, హాబీల రాయి" అన్నారట. ఫ్రెంచి సాబ్ లాంటి చిత్రకారుల్ని అలా పిలుస్తారని ఆ వారమే లైబ్రరీలో తెలుసుకున్నారు. నేను ఆ మాట అంతకుముందు వినలేదు. అదేమిటని ఆయన్ని అడగొచ్చు. కాని అడిగితే, నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఒక కంప్యూటరు భాష పేరు తెలియదని తేలిపోదూ? నా రెస్యూమె కూడా ఒకరకంగా అలాంటి చిత్రమే. కనిపించేదొకటి, ఉన్నదొకటి.

ఇంటర్వ్యూ చేసింది మా మేనేజరు. ఇక్కడి చైనీస్ ఆయన, ఊరి అలవాటుగా మాట చివర 'లా' తగిలించేవాడు, నలభై దాటినవాడు, చెడ్డవాడు కాదు. నన్ను పక్కన కూర్చుని నోట్సు రాయమన్నాడు. కోబాల్ గురించి పది నిమిషాలు అడిగాడు. అంకుల్ చెప్పిన దాంట్లో సగం నాకు అర్థం కాలేదు, పావు ఆయనకు అర్థం కాలేదు. ఇద్దరం తలలూపాం. ఆ తర్వాత మేనేజరు పెన్ను మూడో వరుస మీద ఆగింది.

"సింబలిస్ట్. వెరీ రేర్, హా?"

అంకుల్ మొహం విచ్చుకుంది. హాబీల దగ్గరికి వచ్చారనుకున్నారు. ఇరవై రెండేళ్ళలో ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అక్కడి దాకా రాలేదు.

"ఎస్ సర్. వెరీ రేర్."

"విచ్ వర్షన్ యు నో?"

అంకుల్ కాస్త ఆలోచించారు. "టూ వర్షన్స్ సర్. ఫస్ట్, ఓన్లీ బ్లాక్. లేటర్, ఫుల్ కలర్."

"రాసుకో" అన్నాడు మేనేజరు నాతో. రాసుకున్నాను.

"బ్లాక్ టు కలర్ మైగ్రేషన్, ఈజీ ఆర్ నాట్?"

"వెరీ డిఫికల్ట్ సర్. ఫిఫ్టీ ఇయర్స్ టుక్."

మేనేజరు సన్నగా ఈల వేశాడు. "డాక్యుమెంటేషన్?"

"వన్ బుక్ సర్. ఇన్ ఫ్రెంచ్."

"ఆల్వేస్ లైక్ దట్ వన్ లా. హూ మేడ్ ఇట్, ద వెండర్, స్టిల్ అరౌండ్?"

"నో సర్. పాస్డ్ అవే. లాంగ్ బ్యాక్."

మేనేజరు సానుభూతిగా తల ఊపాడు. వెండరు, అంటే ఆ భాషను అమ్మిన కంపెనీ, దుకాణం కట్టేసిందని ఆయనకు అర్థమైంది. "సో నౌ ఓన్లీ యు కెన్ మెయింటైన్."

మెయింటైన్ అన్నమాట దగ్గర అంకుల్ ఆగారు. మెడ సాచి, టేబుల్ మీద తలకిందులుగా ఉన్న తన రెస్యూమె చూశారు. ఇరవై రెండు, ఇరవై రెండు, నాలుగు. తర్వాత నన్ను చూశారు. నేను నా పెన్ను క్యాపును చూశాను.

"కెన్ స్టార్ట్ మండే?" అన్నాడు మేనేజరు. "టీమ్ లీడ్. యువర్ పాస్, ఐ సెటిల్." ఒక ఫారం ముందుకు తోశాడు.

సంతకం పెడితే చాలు. చెయ్యాల్సింది ఎలాగూ కోబాలే, అందులో ఆయన్ని మించినవాడు ఆ భవనంలో లేడు. జూన్‌కి ఇంకా మూడు నెలలుంది. మాట్లాడకండి అంకుల్, ఫ్రెంచి సాబ్ మీద ఒట్టు, మాట్లాడకండి అని లోపల్లోపల మొక్కుకున్నాను.

అంకుల్ నల్లవేలు ప్యాంటుకు తుడుచుకున్నారు. "సర్, దిస్ ఈజ్ నాట్ లాంగ్వేజ్. దిస్ ఈజ్ మ్యాన్. పెయింటర్."

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. కాగితం చేతికి తీసుకుని పై నుంచి కింది దాకా చూశాడు.

"హూ టైప్ దిస్?"

నేనేనని చెప్పడానికి అర సెకను పడుతుంది. కాని దాని వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది. ఇది టైపు చేసింది నువ్వే అయితే, నీది టైపు చేసింది ఎవరు? ఆ నాలుగేళ్ళు ఎక్కడ? నా నాలుక ఎక్కడికో వెళ్ళిపోయింది.

"ఐ టైప్డ్ సర్" అన్నారు అంకుల్, జన్మలో మౌస్ ముట్టని మనిషి. "ఓల్డ్ మ్యాన్. రాంగ్ కాలమ్."

మేనేజరు ఫైలు మూశాడు. థాంక్యూ, వి విల్ కాల్ యు, అన్నాడు. అంటే ఏమిటో మాకు తెలుసు.

లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. చాలా అంతస్తులు దిగాక అంకుల్ అన్నారు, "నీ పెన్ను క్యాప్ మంచిగుంది బాబా." ఇంకో నాలుగంతస్తులు దిగాక ఆయన భుజాలు కదలడం మొదలైంది. "టూ వర్షన్స్" అని గొణుక్కుని, గోడకు ఆనుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "సచ్చిపోయినాయనకు వెండర్ సపోర్ట్ అడిగిండు." కింద తలుపులు తెరుచుకున్నా నవ్వుతూనే ఉన్నారు. నాకు నవ్వు రాలేదు. సాయంత్రం కథంతా విని మా రూమ్మేటు "సింబలిస్టో, సాంబారు లిస్టో, కనుక్కుని రాయొద్దా" అన్నాడు. అంకుల్ లేచి ఫ్రిజ్ మీది సరుకుల జాబితాలో కందిపప్పు కింద 'సింబలిస్ట్, పావుకిలో' అని రాశారు.

ఆయన వెళ్ళేముందు ఆదివారం నన్ను వంటింటి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. రెండు గంటలు గీశారు. తర్వాత కాగితం తిప్పి చూపించారు.

"నోరేది అంకుల్?"

"అక్కడికొచ్చేసరికి బొగ్గు ఖతమైంది బాబా. సటే ఆయన లీవుల ఉన్నడు." హెయిర్ స్ప్రే చల్లి నా చేతికిచ్చారు.

మర్నాడు చాంగీ విమానాశ్రయంలో సెక్యూరిటీవాళ్ళు ఆయన చేతిసంచి తెరిపించారు. అందులో పాలడబ్బా, మూతదాకా బొగ్గు. "అంకుల్, దిస్ వన్ సటే ఆ?" అని అడిగింది ఆ అమ్మాయి. అంకుల్ నావైపు చూసి, "అరె, ఇక్కడున్నదా ఇది" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు.

లోపలికి వెళ్తూ ఒక్కటే అడిగారు. "జూన్ల నువ్వు పో. ఆ నల్లబొమ్మ ముంగట నిలబడు. ఎంత నల్లగున్నదో నాకు చెప్పు. బుక్కుల ప్రింటును నేను నమ్మ."

జూన్‌లో వెళ్ళాను. నిలబడ్డాను. చూశాను. బయట కొట్లో ఒక పోస్టుకార్డు కొని 'అంకుల్, చూశాను' అని రాశాను. రెండో వాక్యం ఎలా మొదలుపెట్టినా ఆ ఇంటర్వ్యూ గదిలోకే వెళ్తోంది. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. రెండుమూడు రంజాన్‌లకు ఆయనే ఫోన్ చేశారు. "పోయినవా బాబా?" పని ఎక్కువగా ఉండి పోలేకపోయాను అంకుల్, అన్నాను. పోయానంటే ఎలా ఉందో చెప్పాలి కదా. "పర్వాలేదు తీ" అన్నారు. యాభై నిండాక రంగులు మొదలుపెట్టానని, బేగం ఇంట్లో సామానంతా దాచుకుంటోందని చెప్పారు. ఆ తర్వాత ఆయన ఫోన్లు తగ్గాయి. నేను చెయ్యలేదు.

బిషాన్‌లో దిగకుండా సెంబవాంగ్ దాకా పోవడానికి కారణం, మా పాత మేనేజరు రిటైరై అక్కడుంటాడు. ప్రతి చైనీస్ న్యూ ఇయర్‌కీ శుభాకాంక్షలు పంపుకుంటాం, అంతవరకే. స్టేషన్ నుంచి ఫోన్ చేస్తే బ్లాకు కింద కాఫీషాపుకు రమ్మన్నాడు. నేను వెళ్ళేసరికి టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి నాకు కుర్చీ చోప్ చేసి, అంటే ఇక్కడి పద్ధతిలో రిజర్వు చేసి, ఉంచాడు. రెండు కాఫీలు, పాలు లేకుండా. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

అంకుల్ పోయారని చెప్పాను. గుర్తున్నాడన్నాడు. ఫోటో చూపిస్తే ఫ్రిజ్‌ను పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఆ రెస్యూమె టైపు చేసింది నేను" అన్నాను. ఇన్నేళ్ళుగా మోసిన వాక్యం ఇంత చిన్నదా అనిపించింది.

"ఐ నో లా."

"ఎలా?"

"పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఫైలు పేరుంది. నీ పేరే."

నా పాత ఫైలులో పైన పేరు మార్చాను గాని, అడుగు చూసుకోలేదు. "మరి నన్ను అడగలేదేం?"

"అడిగాను. హూ టైప్ దిస్, అన్నాను. నువ్వు ఆన్సర్ చెయ్యలేదు." కాఫీ కలిపాడు, కలపడానికి అందులో ఏమీ లేకపోయినా. "నీ నాలుగేళ్ళు కూడా తెలుసు. ఫస్ట్ వీక్ నీ కోడ్ చూస్తే తెలిసిపోయింది. బట్ యు లెర్న్ ఫాస్ట్, సో ఐ కీప్ క్వైట్."

నేను ఏ ప్రశ్నకు భయపడి నోరు మూసుకున్నానో, ఆ ప్రశ్న ఆయన దగ్గర ఎప్పుడూ లేదు.

"అయితే అంకుల్‌ని తీసుకోవాల్సింది" అన్నాను. "కోబాల్ ఆయనకు నిజంగా వచ్చు."

"తెలుసు." కప్పు పక్కకు జరిపాడు. "నా జూనియర్ ముందు, ఒక డెడ్ పెయింటర్‌కి వెండర్ సపోర్ట్ అడిగాను. హౌ టు ఫేస్ హిమ్ ఎవ్రీ డే? నాకూ తెలియదు అంటే అయిపోయేది. నువ్వూ అనలేదు, నేనూ అనలేదు. ఓన్లీ దట్ అంకుల్ సే ద ట్రూత్."

ఇద్దరం కాఫీ తాగాం. పక్క టేబుల్ దగ్గర ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. మేనేజరు మళ్ళీ ఫోటో అందుకున్నాడు.

"సో ద ఫ్రెంచ్ ఫెలో" అన్నాడు. "విచ్ వర్షన్ బెటర్?"

ఇంటర్వ్యూ అక్కడే ఆగిపోయిందని నాకు అప్పుడు తోచింది. మెట్ల చివర చెవి గురించి చెప్పాను. పెళ్ళి బ్యాండు గురించీ, ఫర్నిచరు దుకాణం గురించీ చెప్పాను. అవన్నీ అంకుల్ కల్పించినవని కూడా చెప్పాను. గడల మీద ఆరేసిన కళ్ళు, సటే వాసన, బట్టతలకు హెయిర్ స్ప్రే. తర్వాత జూన్ గురించి చెప్పాను. ఆ నల్లబొమ్మ నేననుకున్నంత నల్లగా లేదు. దగ్గరికి పోతే గోధుమరంగు, ఇంకా దగ్గరికి పోతే బూడిదరంగు. గార్డు నన్ను వెనక్కి జరగమనేదాకా పోయాను. కుడి వైపు కింది మూలలో బొగ్గు ఒకచోట చెరిగి ఉంది. చూస్తే అది బొటనవేలి ముద్ర. గీతలతో సహా, అచ్చు మా టాంపినీస్ ఫ్లాటులో లైటు స్విచ్చు మీద ఉన్నట్టే.

"దట్ వన్ యు టోల్డ్ హిమ్?" అన్నాడు మేనేజరు.

"లేదు."

ఆయన లేచి ఇంకో రెండు కాఫీలు తెచ్చాడు. నేను మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి రంగు బొమ్మ. చెబుతుంటే ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఎక్కడున్నారండీ? అన్నం చల్లారిపోతోంది. ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"

"మాట్లాడుతున్నాను" అన్నాను.